బ్లాక్ అయిన సెకండ్ హ్యాండ్ ఫోన్

ఒకరు వాడి అమ్మిన మొబైల్ ఫోన్‌ను ఇంకొకరు కొన్న తర్వాత, అది దేశంలోని ఏ నెట్‌వర్కులోనూ పనిచేయకుండా నిలిపివేసి ఉందని తేలితే దాన్ని వాడుకలో బ్లాక్ అయిన ఫోన్ అంటారు. అలాంటి ఫోన్ ఆన్ అవుతుంది, తెర వెలుగుతుంది, వైఫై ఉంటే వీడియోలు కూడా నడుస్తాయి. సిమ్ వేస్తే మాత్రం సిగ్నల్ గీతలు రావు. ‘నో సర్వీస్’ అనో ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అనో తెర మీద పడుతుంది. జియో సిమ్ తీసి ఎయిర్‌టెల్ సిమ్ వేసినా, ఫోన్‌ను మొత్తం రీసెట్ చేసినా మార్పు ఉండదు. నిలిపివేత సిమ్ మీద కాదు, ఫోన్‌కే ఉండే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య మీద జరిగింది.

ఈ వ్యాసం తెలంగాణ రాష్ట్రం సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతాన్ని ఆధారం చేసుకుని, ఇలాంటి ఫోన్ చేతికొచ్చిన కొనుగోలుదారు స్థితిని, దాని వెనక ఉన్న సాంకేతిక వ్యవస్థను, చట్టాన్ని వివరిస్తుంది. దొంగిలించిన ఫోన్ అసలు యజమానికి చేరడం న్యాయం. అయితే తెలియక కొన్న మనిషి తన డబ్బును రాబట్టుకునే దారి ఆ సాంకేతిక వ్యవస్థలో లేదు. కాబట్టి అతని వైపు విషయాన్ని ఇక్కడ కొంత విస్తరించి రాయడం జరిగింది.

జహీరాబాద్ నేపథ్యం

జహీరాబాద్ హైదరాబాద్‌కు పడమరగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడేదాకా మెదక్ జిల్లాలో భాగం. అదే రోడ్డు మీద ఇంకా ముందుకు పోతే చిరాగ్‌పల్లి, ఆ తర్వాత కర్ణాటక సరిహద్దు, హుమ్నాబాద్. బీదర్ పట్టణం ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్లే. వికారాబాద్ నుంచి బీదర్ వెళ్లే రైలు మార్గంలో జహీరాబాద్ స్టేషన్ ఉంది. ట్రాక్టర్ల కర్మాగారానికి వచ్చే కార్మికులు, చెరకు, అల్లం, ఆలుగడ్డ పండించే చుట్టుపక్కల పల్లెల రైతులు, హైదరాబాద్‌కూ బీదర్‌కూ మధ్య తిరిగే చిరు వ్యాపారులు పట్టణంలో కలుస్తారు. తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ నాలుగూ వినిపిస్తాయి.

సరిహద్దు ఊరు కావడం ఈ విషయంలో ముఖ్యం. బీదర్‌లో పోయిన ఫోన్ జహీరాబాద్‌లో అమ్ముడైతే ఫిర్యాదు కర్ణాటక పోలీసుల దగ్గర, ఫోన్ తెలంగాణలో ఉంటాయి. టెలికాం లెక్కలో కూడా ఇవి రెండు వేర్వేరు సర్కిళ్లు. జహీరాబాద్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న సర్కిల్‌లోకి వస్తే, బీదర్ కర్ణాటక సర్కిల్‌లోకి వస్తుంది. చిరాగ్‌పల్లి దగ్గర నిలబడిన ఫోన్ ఒక్కోసారి అవతలి టవర్‌ను పట్టుకుంటుంది. నిలిపివేసిన ఫోన్లకు దేశమంతటికీ ఒకే జాబితా లేని రోజుల్లో ఈ సరిహద్దే దొంగ ఫోన్‌కు రక్షణగా ఉండేది. ఇప్పుడు ఆ వీలు లేదు (చూ. చరిత్ర).

చరిత్ర

ఫోన్‌కు విడిగా గుర్తింపు సంఖ్య ఉండాలన్న ఏర్పాటు మొబైల్ నెట్‌వర్కుల జీఎస్ఎం ప్రమాణాలతోనే వచ్చింది. అయినా భారతదేశంలో చాలాకాలం ఆ సంఖ్యను ఎవరూ పట్టించుకోలేదు. ఐఎంఈఐ లేని, లేదా అన్నీ సున్నాలే ఉన్న చవక ఫోన్లు విరివిగా అమ్ముడయ్యేవి. 2008 ముంబయి దాడుల తర్వాత భద్రతా కారణాలతో ప్రభుత్వం గట్టిగా నిలబడింది. 2009 నవంబరు 30 అర్ధరాత్రి నుంచి సరైన ఐఎంఈఐ లేని ఫోన్లకు సేవలు ఆపేయమని కంపెనీలను ఆదేశించింది. తర్వాత మరమ్మతు దుకాణాల్లో కొత్త సంఖ్య ‘ఎక్కించే’ పని మొదలైంది. ఒకే సంఖ్య వేల ఫోన్లకు పడింది. 2020 జూన్‌లో ఉత్తరప్రదేశ్‌లోని మేరఠ్ పోలీసులు 13,557 ఫోన్లు ఒకే ఐఎంఈఐతో నడుస్తున్నట్టు గుర్తించడం ఈ సమస్య లోతును చూపింది.

2017 ఆగస్టులో ఐఎంఈఐని మార్చడాన్ని నేరంగా పేర్కొంటూ కేంద్రం నియమాలు తెచ్చింది. పోయిన ఫోన్లను దేశమంతటా ఒకేసారి నిలిపివేసే సెంట్రల్ ఎక్విప్‌మెంట్ ఐడెంటిటీ రిజిస్టర్, అంటే సీఈఐఆర్, 2019 సెప్టెంబరులో ముంబయిలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. దీన్ని టెలికాం శాఖ కోసం సీ-డాట్ సంస్థ తయారుచేసింది. అదే ఏడాది డిసెంబరు చివర్లో ఢిల్లీకి విస్తరించింది. తెలంగాణలో 2023 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. మరుసటి నెలలో టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌తో కలిసి దేశమంతటికీ వర్తించింది. రాష్ట్రంలో సీఐడీ పర్యవేక్షణలో పని మొదలైన ఆరు నెలలకే, 2023 అక్టోబరు చివరికి, స్వాధీనం చేసుకున్న ఫోన్ల సంఖ్య పది వేలు దాటింది. ఆ తర్వాత తెలంగాణ ఈ పనిలో దేశంలోనే ముందు వరసలో ఉన్న రాష్ట్రాల్లో ఒకటిగా నిలిచింది. దొరికిన ఫోన్లను జిల్లా పోలీసులు యజమానులను పిలిచి అందజేసే కార్యక్రమాలు ఇప్పుడు పత్రికల జిల్లా పేజీల్లో మామూలు వార్తలయ్యాయి. ఆ వార్తల ఫొటోల్లో ఫోన్ అందుకునే యజమాని కనిపిస్తాడు. అదే ఫోన్‌ను డబ్బు పెట్టి కొని పోగొట్టుకున్న మనిషి ఆ ఫొటోలో ఉండడు.

2025 జనవరిలో సంచార్ సాథీ మొబైల్ యాప్ వచ్చింది. ఆ ఏడాది నవంబరు చివర్లో కొత్త ఫోన్లన్నిట్లోనూ ఆ యాప్‌ను ముందుగానే పెట్టి అమ్మాలని ఆదేశించిన కేంద్రం, వ్యక్తిగత గోప్యతపై అభ్యంతరాలు రావడంతో డిసెంబరు 3న వెనక్కి తీసుకుంది. యాప్‌ను ఎవరికి వారు ఇష్టంతో వేసుకోవచ్చు.

ఐఎంఈఐ నిర్మాణం

15 అంకెల్లో మొదటి ఎనిమిది ఫోన్ మోడల్‌ను, తర్వాతి ఆరు ఆ మోడల్‌లో ఒక్కో ఫోన్‌ను సూచిస్తాయి. చివరిది సరిచూసే అంకె. నమూనా సంఖ్యగా 490154203237518 తీసుకుంటే, ఎడమ నుంచి రెండో, నాలుగో, ఆరో, ఇలా సరి స్థానాల్లోని అంకెలను రెట్టింపు చేయాలి. రెట్టింపులో రెండంకెలొస్తే వాటిని కలపాలి. 9 రెట్టింపు 18, అంటే 9. 1 రెట్టింపు 2. 4 రెట్టింపు 8. 0 అలాగే ఉంటుంది. 2 రెట్టింపు 4. 7 రెట్టింపు 14, అంటే 5. 1 రెట్టింపు 2. వీటి మొత్తం 30. బేసి స్థానాల్లోని 4, 0, 5, 2, 3, 3, 5 కలిపితే 22. రెండూ కలిపి 52. దాన్ని తర్వాతి పదుల సంఖ్య 60కి చేర్చడానికి కావలసింది 8. చివరి అంకె అదే. దుకాణంలో ఎవరో చేత్తో మార్చి స్టిక్కర్ మీద రాసిన సంఖ్య చాలాసార్లు ఈ లెక్కలోనే దొరికిపోతుంది. అసలు ఫోన్ సంఖ్యను ఉన్నదున్నట్టు దొంగిలించి ఎక్కిస్తే మాత్రం లెక్క సరిపోతుంది, మోసం దాగుతుంది.

రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు ఐఎంఈఐలు ఉంటాయి. ఒకటి చూసి రెండోది చూడకపోవడం కొనేవాళ్లు తరచూ చేసే పొరపాటు. డయల్ చేసే చోట *#06# నొక్కితే రెండూ కనిపిస్తాయి.

నిలిపివేత పనిచేసే తీరు

ఫోన్ ఆన్ చేసి టవర్‌కు తగిలినప్పుడు, సిమ్ వివరాలతో పాటు ఐఎంఈఐని కూడా నెట్‌వర్కు అడుగుతుంది. ప్రతి టెలికాం కంపెనీ దగ్గర ఎక్విప్‌మెంట్ ఐడెంటిటీ రిజిస్టర్ అనే డేటాబేస్ ఉంటుంది. అందులో సంఖ్యలు తెల్ల, బూడిద, నల్ల జాబితాల్లో ఉంటాయి. తెల్లలో ఉన్నవి నడుస్తాయి, బూడిదలో ఉన్నవి నడుస్తాయిగానీ గమనింపులో ఉంటాయి, నల్లలో ఉన్నవాటిని నెట్‌వర్కు తిప్పికొడుతుంది. ఈ కంపెనీల రిజిస్టర్లన్నిటినీ కేంద్ర స్థాయిలో కలిపేదే సీఈఐఆర్. ఒకచోట నల్ల జాబితాకెక్కితే మిగతావన్నీ అదే పాటిస్తాయి.

ఫోన్ పోగొట్టుకున్న వ్యక్తి మొదట పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, పోయిన నంబరుకు డూప్లికేట్ సిమ్ తీసుకోవాలి. ఆ నంబరుకు వచ్చే ఓటీపీ లేకుండా పని సాగదు. తర్వాత ఫిర్యాదు కాపీ, కొన్న బిల్లు, గుర్తింపు కార్డు వివరాలతో సంచార్ సాథీ పోర్టల్‌లో నమోదు చేస్తే ఒక రిక్వెస్ట్ ఐడీ వస్తుంది. సాధారణంగా 24 గంటల్లోపు నిలిపివేత అమలవుతుంది. తర్వాత ఎవరైనా ఆ ఫోన్‌లో సిమ్ వేస్తే, ఏ నంబరుతో వేశారన్న సమాచారం ఫిర్యాదు నమోదైన పోలీసు స్టేషన్‌కు చేరుతుంది. జహీరాబాద్‌లో సిమ్ వేసిన మనిషికి ఎక్కడో దూరపు స్టేషన్ నుంచి ఫోన్ రావడానికి కారణం ఇదే.

నిలిపివేతను తీసేయగలిగేది నమోదు చేసిన వ్యక్తి లేదా పోలీసులు. ఫోన్ తిరిగి దొరికిన యజమాని అదే రిక్వెస్ట్ ఐడీతో పోర్టల్‌లో అన్‌బ్లాక్ కోరాలి. కొన్నవాడికి ఆ ఐడీ గాని ఓటీపీ గాని ఉండవు. బ్లాక్ తీయిస్తామని డబ్బు అడిగే మధ్యవర్తులు నిజంగా చేసేది ఏమీ ఉండదు, లేదా ఐఎంఈఐ మార్చడం ఉంటుంది. రెండోది నేరం (చూ. చట్ట స్థితి).

నిలిపివేత భారతదేశ నెట్‌వర్కులకే పరిమితం. అందుకే దొంగ ఫోన్లు దేశం దాటుతాయి. 2024లో హైదరాబాద్ పోలీసులు సూడాన్‌కు ఫోన్లు తరలిస్తున్న ముఠాను పట్టుకున్నారు. దేశం దాటని ఫోన్లు విడి భాగాలవుతాయి. డిస్‌ప్లే, బ్యాటరీ, కెమెరా వేరువేరుగా రిపేరు షాపులకు వెళ్తాయి.

రకాలు

బ్లాక్ అన్న ఒక్క మాట కింద జనం నాలుగైదు వేర్వేరు విషయాలను కలిపేస్తారు. పరిష్కారం వేటికవే కాబట్టి ముందు ఏది జరిగిందో తేల్చుకోవాలి.

మొదటిది పైన చెప్పిన సీఈఐఆర్ నిలిపివేత. దీని వెనక దొంగతనం లేదా పోగొట్టుకోవడం ఉంటుంది. ఇందులోనే ఒక చిన్న ఉపరకం ఉంది. యజమాని ఫోన్ పోయిందని నమోదు చేస్తాడు, ఇంట్లోనే దొరుకుతుంది, అన్‌బ్లాక్ చేయడం మరచిపోయి ఏడాది తర్వాత అమ్మేస్తాడు. ఇది తేలికగా తీరే సమస్య. అమ్మినవాడు పోర్టల్‌లో రెండు నిమిషాలు కూర్చుంటే చాలు.

రెండోది ప్రభుత్వ నిలిపివేత. సైబర్ మోసాల్లో వాడిన ఫోన్లను టెలికాం శాఖ నేరుగా నిలిపేయిస్తుంది. 2024 మేలో ఒకేసారి 28,200 ఫోన్లను నిలిపివేయాలని, వాటితో ముడిపడిన 20 లక్షల కనెక్షన్లను మళ్లీ ధ్రువీకరించాలని శాఖ కంపెనీలను ఆదేశించింది. ఇలాంటి ఫోన్ దొంగిలించింది కాకపోయినా, దాన్ని వాడినవాడు నేరం చేసి ఉంటాడు. కొన్నవాడికి దాన్ని తెరిపించుకోవడం చాలా కష్టం.

మూడోది ఖాతా తాళం. ఐఫోన్లలో యాక్టివేషన్ లాక్ 2013లో ఐఓఎస్ 7తో వచ్చింది. ఆండ్రాయిడ్‌లో ఫ్యాక్టరీ రీసెట్ రక్షణ 2015లో 5.1 వెర్షన్‌తో వచ్చింది. ఫోన్‌ను రీసెట్ చేశాక పాత యజమాని ఐడీ, పాస్‌వర్డ్ అడిగి ఆగిపోవడం దీని లక్షణం. నెట్‌వర్కుతో దీనికి సంబంధం లేదు. అమ్మేవాడు సెట్టింగ్స్‌లోకి వెళ్లి తన ఖాతాను తీసేసి, ఆ తర్వాత రీసెట్ చేస్తే ఈ సమస్యే రాదు. ‘పాస్‌వర్డ్ మరచిపోయాను, మీరు షాపులో తీయించుకోండి’ అనే అమ్మకందారు దగ్గర కొనకూడదు.

నాలుగోది వాయిదాల తాళం. ఈఎంఐ మీద తీసుకున్న ఫోన్‌లో ఫైనాన్స్ సంస్థ ఒక నియంత్రణ సాఫ్ట్‌వేర్ పెడుతుంది. వాయిదాలు ఆగితే తెర మూసుకుపోతుంది. పల్లెల నుంచి పట్టణానికి వచ్చి వాయిదాల మీద ఫోన్ తీసుకుని, రెండు మూడు కట్టి చేతి ఖర్చులకు అమ్మేసే సందర్భాల్లో ఇది ఎదురవుతుంది. ఫోన్ దొంగది కాదు, బాకీ ఉంది. బాకీ తీరితే తాళం తీస్తారు. కాబట్టి కొనేముందు బిల్లు మీద ఫైనాన్స్ సంస్థ పేరు ఉందా, ఉంటే బాకీ లేదన్న పత్రం ఉందా అని చూడాలి.

చివరిది కంపెనీ తాళం. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ఫోన్లు అక్కడి కంపెనీ సిమ్‌లకే పరిమితమై ఉండవచ్చు. దాన్ని తీయగలిగేది ఆ కంపెనీయే.

కొనేముందు పరీక్ష

టెలికాం శాఖ ‘నో యువర్ మొబైల్’ అనే సౌకర్యం ఇచ్చింది. కొనబోయే ఫోన్‌లో *#06# నొక్కి వచ్చిన సంఖ్యను తన సొంత ఫోన్‌లో, ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని టైపు చేసి ఖాళీ వదిలి 15 అంకెలు రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపితే మోడల్ వివరాలు, స్థితి వస్తాయి. సంచార్ సాథీ యాప్‌లో కూడా ఇదే చూడవచ్చు. నల్ల జాబితాలో ఉంది, నకిలీది, ఇప్పటికే వాడకంలో ఉంది అన్న మూడింటిలో ఏది వచ్చినా కొనవద్దని శాఖ స్పష్టంగా చెబుతోంది. వచ్చిన మోడల్ పేరు చేతిలోని ఫోన్‌తో సరిపోకపోతే సంఖ్య మార్చినట్టే.

తెర మీది సంఖ్య, డబ్బా మీది సంఖ్య, బిల్లు మీది సంఖ్య మూడూ ఒకటే కావాలి. బోర్డు మార్చిన ఫోన్లలో ఇవి కలవవు. రిపేరులో బోర్డు మారిందని అమ్మేవాడు చెబితే ఆ రిపేరు బిల్లు కూడా అడగాలి.

అయితే ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఈ పరీక్ష ఆ క్షణంలో జాబితాలో ఏముందో మాత్రమే చెబుతుంది. ఉదయం బస్సులో పోయిన ఫోన్ మధ్యాహ్నం అమ్ముడై, యజమాని మూడు రోజుల తర్వాత నమోదు చేస్తే, కొన్న రోజున జాబితా శుభ్రంగానే ఉంటుంది. డూప్లికేట్ సిమ్ తీసుకోవడానికి, బిల్లు వెతకడానికి, స్టేషన్‌కు వెళ్లడానికి మామూలు మనిషికి రోజులు పడతాయి. ఆ రోజుల్లో చేతులు మారిన ఫోన్లే కొనేవాళ్లను ఎక్కువగా దెబ్బతీస్తాయి. ఎస్ఎంఎస్‌లో ‘సరే’ అని వచ్చింది కదా అని బిల్లు లేకుండా కొనడం ఈ కారణంగానే ప్రమాదం. అమ్మినవాడు ఎవరో, ఎక్కడ ఉంటాడో, ఎంతకు అమ్మాడో రాసి ఉన్న కాగితమే తర్వాత కొనుగోలుదారును కాపాడుతుంది. తెల్ల కాగితం మీద రాసినా సరే, అందులో అమ్మినవాడి పేరు, నంబరు, చిరునామా, గుర్తింపు కార్డు నకలు, రెండు ఐఎంఈఐలు, తేదీ, సంతకం ఉండాలి. నగదుకు బదులు ఫోన్‌పే, గూగుల్ పే లాంటి వాటితో చెల్లిస్తే డబ్బు ఎవరికి వెళ్లిందో దాఖలా మిగులుతుంది.

బ్లాక్ అని తేలిన తర్వాత

సిగ్నల్ పోగానే ముందు సిమ్‌ను ఇంకో ఫోన్‌లో వేసి చూడాలి. అక్కడ పనిచేస్తే లోపం సిమ్‌ది కాదు. తర్వాత కేవైఎం పరీక్ష మళ్లీ చేసి ఫలితాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. వైఫై మీద ఫోన్ నడుస్తున్నంతసేపు సొంత ఫొటోలు, నంబర్లు కాపీ చేసుకుని, బ్యాంకు, యూపీఐ యాప్‌ల నుంచి బయటికి రావాలి. ఫోన్‌ను పూర్తిగా చెరిపే పని పోలీసులకు చెప్పకుండా చేయకపోవడం మేలు.

అమ్మినవాడు దుకాణదారు అయితే అదే రోజు వెళ్లి, డబ్బు వెనక్కి ఇవ్వమని రాతపూర్వకంగా అడగాలి. వాట్సాప్ సందేశమైనా చాలు, తేదీతో ఉంటుంది. పేరున్న వ్యాపారి చాలాసార్లు ఇక్కడే తేల్చుకుంటాడు. దుకాణదారుకు ఆ ఫోన్ ఎవరు అమ్మారో పోలీసులకు చెప్పాల్సిన అవసరం పడుతుంది కాబట్టి, అతని రిజిస్టరులో ఆ వివరం ఉందా లేదా అన్నది అప్పుడే బయటపడుతుంది.

తర్వాత తన ప్రాంతపు పోలీసు స్టేషన్‌కు, జహీరాబాద్‌లో అయితే టౌన్, రూరల్, చిరాగ్‌పల్లి స్టేషన్లలో తనది ఏదైతే దానికి, కొన్న కాగితాలతో వెళ్లి ఫోన్ గురించి తెలియజేయాలి. తానే ముందుగా వెళ్లడానికి, పోలీసులు పిలిస్తే వెళ్లడానికి చాలా తేడా ఉంది. తెలియగానే చెప్పిన మనిషిని దొంగసొత్తు దాచినవాడిగా చూడటం కష్టం.

దూరపు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చి ‘మీ దగ్గరున్నది దొంగ ఫోన్, కొరియర్‌లో పంపండి’ అంటే భయపడి వెంటనే పంపడం సరికాదు. మాట్లాడినవారి పేరు, హోదా, స్టేషన్, ఫిర్యాదు నంబరు అడిగి, ఆ స్టేషన్ అధికారిక నంబరుకు తిరిగి ఫోన్ చేసి ఖరారు చేసుకోవాలి. ఫోన్‌ను స్థానిక స్టేషన్‌లోనే అప్పగించి, ఐఎంఈఐ రాసి ఉన్న రసీదు తీసుకోవడం అన్నిటికంటే భద్రం. రసీదు లేకుండా ఇచ్చిన ఫోన్ గురించి రేపు నష్టపరిహారం అడగడానికి ఆధారం మిగలదు.

ఆన్‌లైన్‌లో ముఖం తెలియని మనిషి దగ్గర కొని మోసపోతే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి చెప్పవచ్చు. త్వరగా చెబితే, మోసగాడి ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే ఆపే అవకాశం ఉంటుంది.

చట్ట స్థితి

1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, తనకు లేని హక్కును ఎవరూ ఇంకొకరికి అమ్మలేరు. దొంగ దగ్గర కొన్నవాడు ఎంత నిజాయతీగా కొన్నా, పూర్తి ధర చెల్లించినా ఫోన్ అసలు యజమానిదే. అయితే అదే చట్టంలోని 14వ సెక్షన్ కొన్నవాడి పక్షాన ఉంది. వస్తువును అమ్మే హక్కు తనకు ఉందన్న షరతు ప్రతి అమ్మకంలోనూ అంతర్లీనంగా ఉంటుంది. అది తప్పితే అమ్మినవాడు డబ్బు వెనక్కి ఇవ్వాలి. ‘వాడిన వస్తువు, గ్యారంటీ లేదు’ అన్న మాట బ్యాటరీకి, గీతలకు వర్తిస్తుందేమోగాని, యాజమాన్యానికి వర్తించదు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ దొంగసొత్తు గురించి చెబుతుంది. దొంగసొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి తగిన కారణం ఉండి, నిజాయతీ లేకుండా తీసుకుంటే మూడేళ్ల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇదే 411వ సెక్షన్. ఇక్కడ ‘తగిన కారణం’ అన్న మాట బరువైనది. కొత్తగా వచ్చిన ఖరీదైన ఫోన్‌ను డబ్బా, చార్జర్, బిల్లు లేకుండా నాలుగో వంతు ధరకు కొంటే, తెలియదన్న వాదన నిలబడటం కష్టం. బ్లాక్ అయిందని తెలిసిన తర్వాత వైఫై మీద వాడుకుంటూ ఇంట్లో పెట్టుకోవడం కూడా మంచిది కాదు.

ఐఎంఈఐ మార్చడం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడే నేరం. మార్చిన సంఖ్య ఉన్న ఫోన్ అని తెలిసి దగ్గర పెట్టుకున్నా అదే శిక్ష. కొన్ని వందలకు షాపులో సంఖ్య మార్పించుకునే మనిషి, అప్పటిదాకా తాను మోసపోయినవాడైనా, ఆ పనితో నేరస్థుడవుతాడు. ఇది ఎంతమందికి తెలుసన్నది సందేహమే. ప్రతి మొబైల్ దుకాణంలోనూ తెలుగులో, ఉర్దూలో అంటించదగిన విషయం ఇది.

పోలీసులు ఫోన్‌ను భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షన్ కింద స్వాధీనం చేసుకుంటారు. దాన్ని ఎవరికివ్వాలన్నది 503, 497 సెక్షన్ల కింద మేజిస్ట్రేట్ నిర్ణయిస్తారు. అంతగా ఎవరూ పట్టించుకోని 499వ సెక్షన్ తెలియక కొన్నవాడి కోసం ఉన్నదే. దొంగకు శిక్షపడి, అరెస్టు సమయంలో అతని దగ్గర డబ్బు దొరికి ఉంటే, ఫోన్ యజమానికి చేరాక ఆ డబ్బులోంచి కొన్న ధర మేరకు కొనుగోలుదారుకు ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. దొంగ దొరకడం, డబ్బు దొరకడం, శిక్ష పడటం మూడూ జరగాలి కాబట్టి ఆచరణలో ఇది అరుదు.

దుకాణంలో కొన్నవాడు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కూడా వెళ్లవచ్చు. సంగారెడ్డిలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల వరకు విలువైన కొనుగోలుకు రుసుము లేదు. వివాదం మొదలైన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. అంతకుముందు 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వ్యాపారితో రాజీకి ప్రయత్నిస్తుంది. తెలిసినవాడి దగ్గరో పక్కింటివాడి దగ్గరో కొంటే అతను వ్యాపారి కాడు కాబట్టి ఈ దారి పనికిరాదు. సివిల్ దావా లేదా మోసం కింద ఫిర్యాదు మాత్రమే మిగులుతాయి.

వాడిన ఫోన్ల వ్యాపారులు

హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్ వాడిన ఫోన్లకు రాష్ట్రమంతటా పేరున్న చోటు. ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మెరాత్ బజార్ అంతకన్నా పాతవి. చిన్న పట్టణాల్లో ఈ వ్యాపారం విడిగా ఉండదు. రిపేరు చేసే అతనే రీచార్జ్ చేస్తాడు, కవర్లు అమ్ముతాడు, పాత ఫోన్ కొని ఇంకొకరికి అమ్ముతాడు. రోజు కూలి మీద బతికే కుటుంబానికి, పిల్లల చదువుకు ఫోన్ కావాల్సిన ఇంటికి ఇవే అందుబాటులో ఉన్న ధరలు. కాబట్టి సెకండ్ హ్యాండ్ కొనవద్దని చెప్పడం సలహా కాదు.

2024 నవంబరులో వచ్చిన టెలికాం సైబర్ భద్రతా నియమాలను 2025 అక్టోబరులో సవరించినప్పుడు, వాడిన ఫోన్లు కొనే, అమ్మే వ్యాపారులు ప్రతి ఐఎంఈఐని కేంద్ర డేటాబేస్‌తో ముందుగా సరిచూడాలని, సంఖ్య మార్చినవి, నిషేధించినవి అయితే లావాదేవీ జరపకూడదని చేర్చారు. అందాకా ఈ భారమంతా కొనేవాడి మీదే ఉండేది. ఈ నియమంతో దుకాణదారుకు ‘నాకు తెలియదు’ అనే వీలు తగ్గింది. అమ్మకానికి ముందు తీసిన పరీక్ష ఫలితం కాపీని బిల్లుకు జతచేసి ఇవ్వమని అడిగే హక్కు ఇప్పుడు కొనేవాడికి బలంగా ఉంది. ఫోన్ ఎవరి దగ్గర కొన్నామో రాసి పెట్టుకునే దుకాణదారుకు ఇది కొత్త పనేమీ కాదు. రాసుకోనివాళ్ల మీద ఈ నియమాన్ని అమలుచేయాల్సింది అధికారులు. పరీక్ష చేసిన తర్వాతి రోజుల్లో నమోదయ్యే ఫిర్యాదుల సమస్య మాత్రం ఈ సవరణతో తీరలేదు. దాని కోసం ఫిర్యాదుకు పట్టే రోజులు తగ్గాలి, లేదా అమ్మిన తర్వాత కొంతకాలం వరకు బ్లాక్ అయితే డబ్బు వెనక్కి ఇచ్చే బాధ్యత వ్యాపారి మీద రాతపూర్వకంగా ఉండాలి.